హేరోదుకు అద్దె కిరీటం

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే కృష్ణా డెల్టాలో పౌరాణిక నాటకాలకు డ్రెస్సులు అద్దెకిచ్చేవాళ్ళకు కొత్త గిరాకీ తగులుతుంది. శివరాత్రి తిరునాళ్ళలో దుర్యోధనుడు పెట్టుకున్న కిరీటమే క్రిస్మస్ రాత్రి హేరోదు నెత్తికెక్కుతుంది. శకుని గడ్డం తూర్పుదేశపు జ్ఞానికి సరిపోతుంది. దేవదూత రెక్కలు మాత్రం ఊళ్ళోనే తయారవుతాయి: అట్టముక్కలు, బంగారు రంగు కాగితం, నాలుగు పిన్నీసులు. గొర్రెల కాపరులకు వేషమే అక్కర్లేదు, ఇంట్లో లుంగీ, తలకు తువ్వాలు చాలు. సండే స్కూలు పిల్లల కంఠత వాక్యాలు, బహుమతులు, పెద్దల ప్రసంగాలు, పాస్టరుగారి సందేశం అన్నీ అయ్యేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు నాటిక. హేరోదు వేషగాడు పసిపిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇస్తూ మీసం మెలేసి ఒక రాగం తీస్తాడు. వెనక వరసలోంచి ఈల పడుతుంది. ముందు వరసలో సంఘపెద్ద ఆ ఈల ఎవరిదా అని తల తిప్పి చూస్తాడు.

మర్నాడు ఆ హేరోదు మళ్ళీ తన పనిలోకి పోతాడు. ఆటోయో, పెయింటింగో, ప్రైవేటు స్కూల్లో ఉద్యోగమో. ఇక్కడి క్రైస్తవుల నోట ‘సేవ’ అంటే పాస్టరు, సువార్తికుడు, బైబిలు స్త్రీ. ‘మావాడు సేవలో ఉన్నాడు’ అంటే మైకు ముందు బైబిలు పట్టుకుని నిలబడ్డాడనే. ఆ హేరోదు వచ్చి, అయ్యగారూ, నాకు నాటకమే సేవ అనిపిస్తోంది, దీంట్లోనే ఉంటాను అంటే సంఘం దగ్గర ఉన్న జవాబేమిటి? నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉన్న సంఘానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. జవాబు మాత్రం ఎప్పుడూ వాయిదానే.

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) తెలుగు పని అక్కడ మొదలైంది. నోబుల్ బడి అగ్రకులాల పిల్లల కోసం. పల్లెల్లో పెద్ద కదలిక 1859లో రాఘవాపురం మాల పెద్ద పాగోలు వెంకయ్య బాప్తిస్మంతో వచ్చింది. ఆ తర్వాత పేటలకు పేటలే తరలివచ్చాయి. దక్షిణాన ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ దగ్గర 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో మాదిగలే ఎక్కువ. అలా క్రైస్తవులైనవాళ్ళకు పడిన షరతుల్లో ఒకటి మన విషయానికి సూటిగా తగులుతుంది: ఊరి దేవతల కొలుపుల్లో డప్పు కొట్టకూడదు.

మిషనరీలు వచ్చి జానపద కళలను చంపేశారని చెప్పేవాళ్ళు ఈ షరతునే ఉదాహరణగా చూపిస్తారు. సగమే నిజం. ఆ డప్పు కళాకారుడు ఎంచుకున్న వాద్యం కాదు, ఊరు నెత్తిన పెట్టిన వెట్టి. చావుకూ జాతరకూ పిలవగానే పోవాలి, పెట్టింది తినాలి. దాన్ని కింద పెట్టడం ఆ తరానికి ఆత్మగౌరవం. అయితే దాని నీడ చాలాకాలం నిలిచింది. కులవృత్తిగా ఉన్న ప్రదర్శనను వదిలేయడమే మారుమనస్సుకు గుర్తు అయినచోట, మనవడు వచ్చి నాటకం నా పిలుపు అంటే ఇంట్లో వాళ్ళకు ముందు వినిపించేది తాత వదిలేసిన డప్పు మోతే. మన సంఘాల్లో నాటకం మీద ఉన్న అనుమానానికి వేదాంతం కంటే ఈ జ్ఞాపకమే బలమైన కారణమని నాకనిపిస్తుంది.

పాటకు ఈ చిక్కు రాలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళాలతో కీర్తనలు రాశారు. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోకెక్కి, లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్ తేడా లేకుండా అందరి నోటా నిలిచాయి. పాటలో ఎవరూ సాతాను వేషం వేయక్కర్లేదు. పాస్టరు ఎప్పుడు ఆపమంటే అప్పుడు ఆగుతుంది. నాటకంలో హేరోదు బాగుండాలి, యూదాకు కారణం ఉండాలి, పిలాతు మీద కాస్త జాలి పుట్టాలి. చెడ్డవాడికి మంచి డైలాగు రాయనివాడు నాటకం రాయలేడు. ప్రసంగ వేదికకు ఇది ఒకపట్టాన మింగుడుపడదు.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యది వేరే దారి. 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన. కృష్ణా ప్రాంతపు సీఎంఎస్ సంఘాలు కూడా తర్వాత ఆయన పాలన కిందికి వచ్చాయి. కోతల పండుగ, ఊరేగింపు, పాటతో కూడిన కథాకాలక్షేపం లాంటివి ఆరాధన చుట్టూ ఉండాలని ఆయన పట్టుబట్టారు. చదువురాని పల్లె విశ్వాసికి కథ చూపించాలిగాని ప్రశ్నోత్తరాలు అప్పజెప్పించి లాభం లేదన్న ఇంగితం ఆయనది. కానీ ఆయన కాలంలోనూ జీతం ఉపదేశకుడికే. పాడేవాడు, ఆడేవాడు ఆ ఉపదేశకుడి సాయంత్రపు పనిలో భాగమే తప్ప వేరే మనిషి కాదు.

బుర్రకథ వచ్చాక కథ మలుపు తిరిగింది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథను భిక్షాటన నుంచి ప్రజావేదిక మీదికి తెచ్చారు. చేతిలో తంబుర, బొటనవేలికి అందెలు, పక్కన గుమ్మెటతో ఇద్దరు వంతలు. ఖర్చు లేదు, తెర లేదు, వెయ్యిమందిని కూర్చోబెట్టగల సత్తా ఉంది. క్రైస్తవ బృందాలు దాన్ని వెంటనే పట్టుకున్నాయి. యేసు జననం, తప్పిపోయిన కుమారుడు, యోసేపు చరిత్ర, ఎస్తేరు అన్నీ బుర్రకథలయ్యాయి.

ఈ క్రైస్తవ బుర్రకథను దగ్గరగా చూస్తే ఒక లోటు కనిపిస్తుంది. బుర్రకథలో ముగ్గురు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం, రెండో పక్క రాజకీయం. ఈ రాజకీయ వంతే కథను ఇవాళ్టి ఊరికి కలుపుతాడు. అల్లూరి కథ చెప్తూ ధాన్యం ధర మీద ఒక చురక వేస్తాడు. మందిరంలోకి వచ్చేసరికి ఆ వంతకు ఇచ్చే పని వాక్యం చదవడం. కథకుడు ఆగినప్పుడల్లా ఫలానా అధ్యాయం, ఫలానా వచనం అంటాడు. అంటే కథలో నేటి మనిషి మాట్లాడాల్సిన చోట పాఠం వచ్చి కూర్చుంది. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు గొడవ పొలం పంపకాల గొడవ. డెల్టాలో దాని మీద ఒక్క చురక వేస్తే పందిరంతా ఉలిక్కిపడుతుంది. ఆ చురక వేయనివ్వరు.

వేయాలనుకున్నవాళ్ళు బయటికి పోయారు. గుడివాడ ప్రాంతంలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కె.జి. సత్యమూర్తి, మనకు శివసాగర్, మిషను బడుల చదువు నీడలోంచి వచ్చి పాటనూ వేదికనూ విప్లవానికి ఇచ్చేశాడు. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ ఆ ఇంటి కథే. డెల్టా పేటల్లో గొంతూ తెగువా ఉన్న కుర్రాళ్ళకు సంఘం ఏడాదికొక రాత్రి వేదికనిస్తే, ఎర్రజెండా ఏడాదంతా ఇచ్చింది. తిండి ఇద్దరూ సరిగా పెట్టలేదనుకోండి, అది వేరే విషయం.

ఇక గుర్రం జాషువా. మిషను బడి ఉద్యోగం పోయాక 1915–16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథా, మాటలూ చెప్పడం ఆ ఉద్యోగం. ఆ తర్వాత గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణశాలలో పంతులు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. కానీ జాషువా పద్యం జనంలోకి వెళ్ళిన దారి ఆ కావ్యం కాదు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్యహరిశ్చంద్ర’ కాటిసీను. హరిశ్చంద్ర వేషగాళ్ళు జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను అందులో కలుపుకున్నారు. అవి లేకపోతే కాటిసీను కాదన్నంతగా కలిసిపోయాయి. తెల్లవారుజామున తిరునాళ్ళలో వన్స్ మోర్ కొట్టించుకునే ఆ పద్యాలు రాసింది చర్చికి పోయే కవి. రాజూ పేదా బూడిదలో ఒకటేనని హిందూ పురాణ పాత్ర నోట, కాటికాపరి వేషంలో, పేటవాడి పద్యం పలికింది. ఏ సువార్త దండయాత్రా చేరలేని చోటికి అది చేరింది. దాన్ని సేవ అని ఏ సంఘమూ లెక్కలో రాసుకోలేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదీ అదే. తెలుగు నేల మీద విశ్వాసాన్ని కళగా మార్చిన పెద్ద పనులన్నీ సంఘం పంపనివాళ్ళు చేసినవే. పంపినవాళ్ళు పెట్టిన హద్దుల్లో ఇరుక్కున్నారు.

‘కరుణామయుడు’ కూడా అలాంటిదే. 1978 డిసెంబరులో విడుదలైంది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ దాన్ని థియేటర్లో చూడకుండానే ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు. సినిమాను నెత్తికెత్తుకుని, అప్పులకూ ఆలస్యాలకూ తట్టుకుని క్రీస్తుగా నటించిన విజయచందర్ సువార్తికుడు కాదు, నటుడు. సంగీతంలో ఒక చెయ్యి తుళ్ళూరు బి. గోపాలంది. ఆయన వచ్చింది ప్రజానాట్యమండలి నుంచి. సిలువ మోసుకుపోయే ఘట్టంలో పాట రాసిన మోదుకూరి జాన్సన్ తెనాలి దగ్గర కొలకలూరు మనిషి, ‘నటనాలయం’ లాంటి నాటకాలతో పరిషత్తుల్లో పేరు తెచ్చుకున్నవాడు. ఆ తెనాలిలోనే 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఈ ప్రాంతంలో నాటకం నేర్చిన చేతులు అందులో కలవబట్టే ఆ సినిమాకు ఆ బలం వచ్చింది. ఇప్పటికీ గుడ్‌ఫ్రైడేకి ఆ పాట మోగని పేట డెల్టాలో అరుదు. రెండేళ్ళకు బాపు, రమణలు ‘రాజాధిరాజు’ తీసి, నూతన్‌ప్రసాద్‌కు సాతాను వేషమిచ్చి, సాతానే జనాన్ని నవ్వించేలా చేశారు. ప్రసంగ వేదిక ఒప్పుకోని పని అదే. నాటకీయంగా చూస్తే ‘కరుణామయుడు’ కంటే అదే ధైర్యమైన సినిమా అంటాను.

తర్వాత జరిగింది ఆలోచించాల్సిన సంగతి. ‘కరుణామయుడు’ హిందీలో ‘దయాసాగర్’ అయింది. డేస్ప్రింగ్ అనే అమెరికన్ మిషను బృందాలకు ప్రొజెక్టరు, తెర, జనరేటరు ఇచ్చి పల్లెపల్లెకూ పంపింది. 1979లో వచ్చిన ‘జీసస్’ సినిమాను కూడా అలాగే భాష భాషలో డబ్బింగు చేసి తిప్పారు. ప్రదర్శన కళ చుట్టూ నెలజీతపు సేవ మన దేశంలో విస్తారంగా పుట్టింది అప్పుడే. కాకపోతే జీతం ప్రొజెక్టరు తిప్పేవాడికి, బొమ్మ ఆగాక ప్రార్థన చేసేవాడికి. పద్యం పాడేవాడికీ వేషం కట్టేవాడికీ కాదు. పైగా పల్లెలో తెర లేవగానే బుర్రకథ బృందం అవసరం తగ్గింది. ఒకే మంచి యేసు దొరికాక ఊరికొక యేసు ఎందుకని!

నాటకం వద్దనేవాళ్ళ వాదన కొట్టిపారేయదగింది కాదు. బ్రదరన్ సంఘాలు, బక్త్ సింగ్ సహవాసాలు ఆరాధనలో వేదికకూ వేషానికీ చోటివ్వవు. పెంతెకొస్తు పెద్దలు చాలామంది లోకసంబంధమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. యేసు వేషం కట్టినవాడు మర్నాడు బీడీ కాలుస్తూ కనిపిస్తే పేరు ఎవరిది పోతుంది అన్నది వాళ్ళ ప్రశ్న. పల్లెలో అది నిజంగానే జరిగే ఇబ్బంది. కళను సమర్థించేవాళ్ళు సాధారణంగా నిర్గమకాండంలోని బెసలేలును చూపిస్తారు, దేవుని ఆత్మతో నిండిన పనివాడని. అది శిల్పానికి చెల్లుతుంది, వేషానికి చాలదు. వేషానికి సాక్ష్యం యెహెజ్కేలు. మట్టి పలక మీద యెరూషలేము గీసి, చుట్టూ ముట్టడి దిబ్బ కట్టి, ఎడమ పక్కకు తిరిగి 390 రోజులు, కుడి పక్కకు తిరిగి 40 రోజులు వీధిజనం చూస్తుండగా పడుకున్నాడు. నాతాను దావీదు దగ్గర చేసింది ఇంకా సూక్ష్మం. పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజుకు కోపం వచ్చేదాకా ఆగాడు. మన నాటికల్లో ఆ ఆగడం ఉండదు. మొదటి రంగం మధ్యలోనే ఒకరు ముందుకు వచ్చి సారాంశం చెప్పేస్తారు. చివర పాస్టరుగారు మళ్ళీ చెబుతారు. ప్రేక్షకుడికి కోపం తెచ్చుకునే తీరికే ఇవ్వరు.

బయట చూస్తే దారులు రకరకాలు. జర్మనీలో ఓబరమ్మెర్‌గౌ ఊరు ప్లేగు మొక్కుగా 1634 నుంచి శ్రమల నాటకం ఆడుతోంది. ఇప్పుడు పదేళ్ళకోసారి. 2020లో ఆడాల్సింది కరోనా వల్ల 2022కు జరిగింది. అక్కడ నటులు ఊరివాళ్ళే, వృత్తి నటులు కారు. మన క్రిస్మస్ నాటికను సమర్థించేవాళ్ళకు అది మంచి ఆసరా. కానీ అక్కడ ఊరంతా తరతరాలుగా నెలల తరబడి రిహార్సల్ చేస్తుంది, మనం డిసెంబరు పదిన మొదలుపెడతాం. కేరళ తీరంలో పోర్చుగీసు కాలంలో పుట్టిన చవిట్టు నాటకం ఇప్పటికీ ఆశాన్లు (గురువులు) నేర్పే విద్య. తిరుచ్చిలో కతోలికులు నడిపే కలై కావిరి సంగీత, నృత్యాలకు కాలేజీనే పెట్టింది. ఫాదర్ ఫ్రాన్సిస్ బార్బోజా భరతనాట్యంలో క్రైస్తవ కథలకు కొత్త హస్తాలు కల్పించారు. మదురై సెమినరీలో థియోఫిలస్ అప్పావు పల్లెపాటనే ఆరాధన చేశారు.

మన దగ్గర? కూచిపూడి ఊరే కృష్ణా జిల్లాలో ఉంది. యక్షగానం ఈ మట్టిలోనూ పెరిగింది. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ సంగీత కళాశాల, తుమ్మలపల్లి కళాక్షేత్రం, హనుమంతరాయ గ్రంథాలయం ఉన్నాయి. ఆంధ్రా లయోలా, మారిస్ స్టెల్లా లాంటి పెద్ద క్రైస్తవ కాలేజీలున్నాయి. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత తిరునాళ్ళకు లక్షల్లో జనం వస్తారు, అంతకంటే సిద్ధంగా ఉన్న ప్రేక్షకులు ఏ నాటకానికి దొరుకుతారు! ఇన్ని ఉండి కలై కావిరి లాంటిది ఒక్కటి లేదు. వేదాంత కళాశాలకు పోతే ప్రసంగం నేర్పుతారు, విశ్వవిద్యాలయ రంగస్థల శాఖకు పోతే నటన నేర్పుతారు. హేరోదు వేసిన కుర్రాడికి రెండూ కావాలి. సికింద్రాబాదు అమృతవాణి లాంటి కతోలిక కేంద్రాలు పాటకూ దృశ్యానికీ చేసిన పని మెచ్చుకోదగ్గదే, కాని అది స్టూడియో పని, రంగస్థలానిది కాదు.

డబ్బు సంగతి మాట్లాడకుండా పిలుపు సంగతి మాట్లాడటం మన ప్రసంగాలకు అలవాటు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పథకం వచ్చింది. డప్పు కళాకారుల, కళాకారుల పింఛన్లు 2024 జూలై నుంచి 4,000 అయ్యాయి. మొదటిదానికి సంఘం ఉండాలి, రెండోదానికి కళాకారుడిగా గుర్తింపు ఉండాలి. క్రైస్తవ బుర్రకథ చెప్పేవాడు రెండు కిటికీల మధ్య నిలబడతాడు. ఇంకో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సీ అవుతాడు. 2025లో రాష్ట్ర హైకోర్టు అట్రాసిటీ చట్టం కేసులో ఇదే మాట మళ్ళీ చెప్పింది. కాబట్టి పేటలో మంచి గొంతున్నవాడు ఆదివారం మందిరంలో పాడినా, పోస్టరు మీద ‘క్రైస్తవ కళాకారుడు’ అని పేరు వేయించుకోవడానికి జంకుతాడు. పిల్లల సర్టిఫికెట్ గుర్తొస్తుంది. పిరికితనమని వాణ్ణి తిట్టేవాళ్ళకు ఆ సర్టిఫికెట్ విలువ తెలియదు.

ఈ పరిస్థితిలో కళను పూర్తికాలం పట్టుకున్నవాళ్ళు మూడు దారుల్లో తేలారు. ఎక్కువమంది ముందు పాస్టర్లయి, ఆ నీడన నాటకం నడుపుతారు. అభిషేకం వాళ్ళకు రేషన్ కార్డు. కొందరు పాటల ఆల్బమ్, యూట్యూబ్ వైపు వెళ్ళారు. అక్కడ డబ్బుంది, పోటీ ఉంది, నాటకం లేదు. మరికొందరు స్వచ్ఛంద సంస్థల వీధి నాటకాల్లోకి పోయి హెచ్‌ఐవీ మీదా బాల్యవివాహాల మీదా ఆడారు. విశ్వాసం ఒక్క ముక్క మాట్లాడకుండా విశ్వాసంతో పనిచేసిన ఈ మూడోరకం వాళ్ళ మీదే నాకు గురి ఎక్కువ.

ఒక మేలు మాత్రం చెప్పి తీరాలి. పద్యనాటకంలో ఆడది స్టేజీ ఎక్కితే పరువు తక్కువ అనుకున్న రోజుల్లోనే, డెల్టా పల్లెల్లో చాలామంది ఆడపిల్లలు మొదటిసారి పదిమంది ముందు నోరు విప్పింది సండే స్కూలు నాటికలో. మరియమ్మ, ఎలీసబెతు, రూతు, ఎస్తేరు వేషాలు వాళ్ళవే. టీచర్లయినవాళ్ళూ నర్సులయినవాళ్ళూ ఆ ధైర్యం అక్కడే వచ్చిందంటారు. పెళ్ళయ్యాక మాత్రం ఆ వేదిక వాళ్ళకు మళ్ళీ అందదు. రూతు వేసిన అమ్మాయి మహిళా కూటమిలో టీ కలుపుతూ కనిపిస్తుంది.

నన్నడిగితే చేయాల్సిన పని పెద్దది కాదు. ఒక డయోసిస్, అది కతోలికులదైనా, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) వాళ్ళదైనా, ఏడాదికి ఒక నాటక రచయితకూ ఒక దర్శకుడికీ ఆరునెలల జీతం ఇవ్వాలి. రాసిన నాటకాన్ని మందిరంలో కాకుండా కళాక్షేత్రంలో, టిక్కెట్టు పెట్టి, పరిషత్తు న్యాయనిర్ణేతల ముందు ఆడించాలి. చివర ప్రసంగం ఉండకూడదు. బాగా లేకపోతే బాగా లేదని పత్రికలు రాయాలి. ఆ విమర్శ తట్టుకున్నవాడినే పూర్తికాలం సేవకు తీసుకోవాలి.

దానికంటే ముందు చేయాల్సింది ప్రతుల సేకరణ. ఇన్నేళ్ళ క్రిస్మస్ నాటికలు, బుర్రకథలు, పద్యనాటకాలు చాలావరకు చేతిరాత నోటుపుస్తకాల్లోనే ఉండిపోయాయి. బృందం నాయకుడు పోతే పెట్టెలో చెదలు పడతాయి. వేదాంత కళాశాలలో పరిశోధన చేసే విద్యార్థులకు ఏటా విషయాలు వెతుక్కునే ఇబ్బంది ఉంటుంది. నలుగురిని బందరు, గుడివాడ, నూజివీడు, తెనాలి పంపి ఆ నోటుపుస్తకాలు స్కాను చేయిస్తే, ఇక్కడ క్రైస్తవ నాటకం ఎవరు రాశారో, ఏ ఊళ్ళో ఆడారో మొదటిసారి పేర్లతో సహా రాయొచ్చు.